ఎండిన బోరు

ముత్యాలప్ప సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో వేరుశనగ పండిస్తాడు. కూతురు సునందకు సముద్రపొడ్డు ఊళ్లో నర్సు ఉద్యోగం వచ్చాకే తుఫానులకు పేర్లుంటాయని అతనికి తెలిసింది. రోజూ సాయంత్రం ఫోన్లో మ్యాపు చూపించి, తుఫాను ఎటు పోతోందో ఆమే నేర్పింది.

“దీని పేరు మొంథా నాయనా. మంచి వాసనొచ్చే పువ్వంట.”

“పువ్వు పేరు పెట్టుకోని ఇంత పని చేస్తాదా!” అని అతను నవ్వాడు.

ఆ రాత్రి గాలి తగ్గిందని, పడుకుంటున్నానని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది. అడవిపందుల కాపలాకు చేనిలో పడుకున్న ముత్యాలప్పకు కాసేపటికి హోరు వినిపించింది. చుట్టూ ఆకు కదలడం లేదు. మూడేళ్ల కిందట ఎండిపోయిన బోరు గొట్టంలోంచి వస్తోంది ఆ చప్పుడు. చెవి ఆనించాడు. నీళ్ల హోరు. దాని అడుగున సునంద గొంతు.

“నాయనా!”

వెంటనే కూతురికి ఫోన్ చేశాడు.

“ఆడ పడుకోవద్దమ్మా. ఇప్పుడే ఆస్పత్రి మిద్దెక్కు.”

“ఏమైంది నాయనా?”

“నా మీద ఒట్టు. పో.”

గంటకు ఆమే చేసింది.

“ఇంట్లోకి సముద్రం వచ్చేసింది నాయనా. నేను మిద్దె మీద బాగుండా. నీకెట్ల తెలిసింది?”

ఒక చెవికి ఫోన్లో కూతురి మాటలు వినిపిస్తున్నాయి. బోరులోంచి అదే గొంతు ఇంకా పిలుస్తోంది. గొట్టానికి మూత వేయబోయాడు, చేతులు రాలేదు. తెల్లారేదాకా దాని పక్కనే కూర్చుని బదులిస్తూ ఉన్నాడు.

“ఈడే ఉండా తల్లీ. భయపడాకు.”