రఘునాథ్ దారి

స్వర్ణముఖి పొంగి రోడ్లు తెంపిన ఏడాది. చంద్రగిరిలో మునివెంకటప్ప నెట్ ఆఫీసులో ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. తిరుపతి నుంచి వచ్చే కేబుల్ ఏట్లో కొట్టుకుపోయింది.

“నాయనా, దారి దొరికింది!” అంది కూతురు జయంతి, కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే. “నగరి మీంద తిరుక్కోని వస్తాండాది. కాకపోతే నడాన రఘునాథ్ మామ లైన్లో దూరతాది.”

రఘునాథ్ అదే ఊళ్లో పోటీ నెట్ నడుపుతాడు. నిరుడు ఊరి ఆస్పత్రి కనెక్షన్ వీళ్ల దగ్గర నుంచి ఎగరేసుకుపోయింది ఆయనే.

“ఆయప్ప దారి మనకొద్దు. కొట్టెయ్.”

“ఆ లైను సన్నం నాయనా, నిజమే. మనోళ్లంతా దూరితే నత్తలాగా పోతాది. పోతాది గదా!”

“కొట్టెయ్ అంటిని గదా.”

ప్రతి నెట్‌వర్కుకూ ఒక నంబరు ఉంటుంది. దారి అంటే ఆ నంబర్ల వరస. వరసలో రఘునాథ్ నంబరు ఏ మూల కనబడినా ఆ దారిని తోసెయ్యమని జయంతి ఒక్క లైను రెగెక్స్, అంటే నంబర్లను జల్లెడ పట్టే సూత్రం, రాసింది. కోపంగానే రాసింది.

“నంబరుకు అటూ ఇటూ హద్దు పెట్టినా. లేకుంటే ఆ అంకెలు కడుపులో ఉండే వేరేవాళ్ల నంబర్లు కూడా పోతాయి.”

“నా కూతురంటే అదీ!” అని మునివెంకటప్ప మీసం దువ్వాడు.

సాయంత్రం బట్టల కొట్టు మునికృష్ణ వచ్చి బల్ల గుద్దాడు.

“ఏమప్పా, ఊరి నోట్లో మన్ను కొట్టినావు! ఆస్పత్రిలో సూడు, రఘునాథ్ లైను ఎట్ట నడస్తాందో. రోడ్డు తెగినా తిరుపతి డాక్టరమ్మ వీడియోలోనే కాన్పు సూస్తాందంట. పోయి ఆయప్పనడగరాదా?”

“మునివెంకటప్ప ఎవురినీ అడగడు.”

“మీసముండాది గానీ నెట్టు లేదు. నేను రేపే ఆయప్ప కనెక్షన్ తీసుకుంటా,” అని మునికృష్ణ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

జయంతి కళ్లు తుడుచుకుంది. “ఇన్నేండ్ల పేరు నాయనా. నీ పంతానికి పోతాండాది.”



మరుసటి పొద్దున్నే మునివెంకటప్ప ఎక్కడికో పోయి, మోకాళ్ల దాకా బురదతో తిరిగొచ్చాడు. మీసం మళ్లీ పైకి దువ్వి ఉంది.

“పాపా, నువ్వు రాసిన ఆ లైను తీసెయ్. రఘునాథ్ దారి రానీ.”

“ఏం, పంతం తీరిందా?”

“ఇంక మనోళ్లంతా దూరినా పర్లేదు. ఆస్పత్రిలో కాన్పు అయిపోయింది.”