పదిహేను ఎలా వచ్చింది?

చెరువు ఒడ్డున పిల్లలకు లెక్కలు చెప్పాలని గోరింకకు ఒకటే ఉబలాటం. చెప్పడం వచ్చో రాదో చూస్తానంటూ తాబేలు తాత బురదలో చతికిలబడ్డాడు.

"ఎనిమిదీ ఏడూ కలిపితే ఎంతర్రా?" అంది గోరింక, రెక్కలు టపటపలాడిస్తూ.

"ఒక ఎండ్రకాయ, పైన అయిదు కాళ్లు," అంది ఎండ్రకాయ పిల్ల.

"రెండు సాలీళ్లు, ఒక కాలు తక్కువ," అంది సాలీడు పిల్ల.

"తప్పు! ఇద్దరిదీ తప్పే! పదిహేను!" అని గోరింక అరిచింది. పిల్లలు హడలిపోయి కాళ్లు ముడుచుకున్నాయి.

"తప్పనే ముందు, ఎలా వచ్చిందో అడిగావుటే?" అన్నాడు తాత.

గోరింక బిక్కమొహంతో అడిగింది.

"కొండీలతో కలిపి నాకు పది కాళ్లు కదా టీచరమ్మా!" అంది ఎండ్రకాయ పిల్ల.

"నాకేమో ఎనిమిది!" అంది సాలీడు పిల్ల.

గోరింక మనసులో కూడి చూసుకుంది. రెండూ పదిహేనే! "తాతా, ఇద్దరిదీ ఒప్పే!" అని గంతులేసింది.

"బాగుంది. మరి నీకెలా వచ్చింది పదిహేను?"

గంతు ఆగిపోయింది. ఎవరో అంటుంటే విని పట్టుకున్న మాట అది. సిగ్గుతో తల దించుకుంటే తన కాలివేళ్లే కనబడ్డాయి. కాలికి నాలుగు, రెండు కాళ్లకూ ఎనిమిది!

"నా పక్కన ఇంకో గోరింక నిలబడి, ఒక్క వేలు ముడుచుకుంటే... పదిహేను!" అని కేక పెట్టింది.

"ఒప్పు టీచరమ్మా, ఒప్పు! అచ్చం నాలాగే చేశారు!" అని సాలీడు పిల్ల ఎగిరింది.

"పిల్లలే పాసు చేశాక ఇక నేనడిగేదేముంది," అంటూ తాత నీళ్లలోకి జారుకున్నాడు.