పాచి తాతకు వచ్చిన పదవి

అడవిలో ఒక మడుగు. అందులో ముసలి తాబేలు రోజూ నోటితో పాచి లాగి గట్టున పడేసేది. చేపలన్నీ దాన్ని "పాచి తాతా" అని పిలిచేవి. ఒకనాడు కొంగ వచ్చి, "అదేం పేరు? ఇవాళ్టి నుంచి నువ్వు మడుగు సంరక్షకుడివి" అంది. తాబేలు పొంగిపోయింది. సంరక్షకుడు పాచి తీస్తే ఏం బాగుంటుందని గట్టున బండరాయెక్కి కూర్చుంది.

పాచి మడుగంతా కమ్మేసింది. తల్లిచేప ఒకటి వచ్చి, "తాతా, పిల్లలకి ఊపిరాడటం లేదు" అంది.

"సంరక్షకుడు గారూ అనాలి" అంది తాబేలు.

చేప అలాగే పిలిచింది.

"సరే, రేపు చూద్దాంలే."

మర్నాడు చేపపిల్లలన్నీ చచ్చి తేలాయి. తాబేలు గబగబా నీళ్లలోకి దిగి పాచి లాగసాగింది.

"ఇప్పుడెవరి కోసం?" అని మెల్లగా అడిగింది తల్లిచేప.

తాబేలు సాయంత్రం దాకా లాగుతూనే ఉంది.