అంగుళంన్నర తేడా

కూతురికి కునుకు పట్టేదాకా ఆగి, తల్లి దుప్పటి పక్కకు తీసింది. మెడలో వేలాడే టేపును ముందు కుడి పిక్కకు చుట్టింది. తర్వాత ఎడమ పిక్కకు.

అంగుళంన్నర తేడా.

ముప్పై ఏళ్ళుగా బడిపిల్లల యూనిఫాంలు కుడుతున్న చెయ్యి. కొలత తప్పదు. అయినా మళ్ళీ చుట్టింది. అదే అంగుళంన్నర. పైగా లావెక్కిన ఎడమ పిక్క చర్మం నిగనిగలాడుతోంది. తాకితే వెచ్చగా ఉంది.

కూతురి పేగులో క్యాన్సర్ గడ్డ కోసి తీసేసి నెల దాటింది. ఇంటికి పంపేటప్పుడు నర్సు ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఒక కాలే వాస్తే గంట కూడా ఆగొద్దు. లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కదు.

చిక్కేమిటంటే, ఆ ఇంట్లో తల్లి మాటకు విలువ పోయి వారం దాటింది.

మొదటిసారి ఆవిడ భయమే నిజమైంది. జ్వరమని తీసుకెళ్తే కుట్లలో చీము పట్టిందన్నారు. ఎమర్జెన్సీ గదిలో మత్తు సరిగా ఎక్కకముందే రెండు కుట్లు విప్పి లోపలంతా కడిగారు. కూతురి కేక తల్లికి వరండా చివరిదాకా వినబడింది. ఒక్కపూటని వెళ్ళిన మనిషి ఎనిమిది రోజులకు ఇల్లు చేరింది.

ఆ తర్వాత ఎక్కిళ్ళు ఆగడం లేదని ఒకసారి, గోళ్ళు నీలంగా మారాయని ఇంకోసారి తల్లి పట్టుబట్టి తీసుకెళ్ళింది. ఎక్కిళ్ళు దారిలోనే ఆగిపోయాయి. గోళ్ళ నీలం కొత్త దుప్పటినుంచి దిగిన రంగు. డాక్టరు సబ్బుతో కడిగి చూపించాడు. అత్తయ్యకి తుమ్ము వినబడితే చాలు, ఐసీయూ కనబడుతుందని అల్లుడు ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

టేపు చల్లదనానికి కూతురు కళ్ళు తెరిచింది.

“ఏంటమ్మా, ఇప్పుడు నాక్కూడా యూనిఫాం కుడుతున్నావా?”

“కాలు వాచింది తల్లీ. ఒక్కసారి వెళ్ళి చూపించుకొద్దాం.”

“పడుకునే ఉంటే కాళ్ళు వాస్తాయి. సోమవారం ఎలాగూ రమ్మన్నారుగా.”

“ఇంకా నాలుగు రోజులుంది.”

“చచ్చినా ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళను. ఇంకోసారి ఆ ఊసెత్తావంటే తలుపేసుకుంటాను.”

అని గోడ పట్టుకుని బాత్రూం దాకా నడిచింది. పట్టుమని పది అడుగులు లేవు. తిరిగొచ్చి మంచం మీద కూలబడి ఆయాసపడింది. తల్లి ఆ ఊపిరులు లెక్కపెట్టింది.

బస్సు డిపోలో ఉన్న అల్లుడికి ఫోన్ చేసింది. అతను కసరలేదు. ఇప్పుడిప్పుడే కాస్త నిద్రపోతోంది, దాన్ని బెదరగొట్టకండి అత్తయ్యా అని బతిమాలాడు. ఆసుపత్రికి చేసింది. నర్సు గొంతు గుర్తుపట్టి ముందు నిట్టూర్చింది. కొలత చెప్పాక మాత్రం నర్సు స్వరం మారిపోయింది. వెంటనే తీసుకురండి, కాలు నొక్కొద్దు, ఎక్కువ నడిపించొద్దు అంది. రానంటోంది, ఎవరినైనా పంపరా అని అడిగితే, ఒప్పుకోని మనిషిని మేం మాత్రం ఎలా తేగలం పిన్నిగారూ అంది.

తల్లి మిషను ముందు కూర్చుంది. కాలరు ఒకటి సగంలో ఉంది. పొద్దుటినుంచి మెతుకు ముట్టలేదు. బీపీ మాత్ర వేసుకుందో లేదో గుర్తు లేదు. సూది కింద దారం రెండుసార్లు తెగింది. మూడోసారి ఎక్కించబోతే సూది బెజ్జంలోకి దూరలేదు.

లోపలి గదిలోంచి చిన్న దగ్గు వినబడింది. ఇంకోటి.

తల్లి లేచి నిలబడింది. చెయ్యి ఛాతీ మీద పెట్టుకుంది. గోడకు ఆనుకుని మెల్లగా నేలమీదికి జారిపోయింది. కుర్చీ పక్కకు పడింది.

కూతురు పొట్ట పట్టుకుని వచ్చింది. అమ్మా అని పిలిచింది. భుజం కుదిపింది. అంబులెన్సుకు ఫోన్ చేసింది.

వాళ్ళు పదకొండు నిమిషాల్లో వచ్చారు. వచ్చినతను తల్లి చేతికి బీపీ పట్టీ చుట్టి చూశాడు.

“నూట ఎనభై ఉంది. ఎప్పుడూ ఇంతేనా?”

కూతురికి తెలియదు. ఈ నెలరోజుల్లో అమ్మకెలా ఉందని ఒక్కసారైనా అడిగిన గుర్తు లేదు. కసిరిన గుర్తులే ఉన్నాయి.

అతను కూతుర్ని ఎగాదిగా చూశాడు. “మీరే పేషెంటులా ఉన్నారు. వెంట రావడానికి ఇంకెవరూ లేరా?”

తల్లి కళ్ళు తెరవలేదు. కూతురి మణికట్టు పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

“నేనే వస్తాను” అంది కూతురు.

బండిలో ఆమె తల్లి చెవి దగ్గరికి వంగింది. ప్రతి కుదుపుకీ కుట్లు లాగుతున్నాయి.

“ఇకమీదట నువ్వేం చెప్తే అది వింటానమ్మా. ఒక్కసారి చూడు నావైపు.”

తల్లి చూడలేదు. కంటి కొసనుంచి ఒక చుక్క చెవిలోకి జారింది.

ఆసుపత్రి మెట్ల దగ్గర కూతురి అడుగు ఆగింది. అదే గచ్చు, అదే వాసన. స్ట్రెచర్ ముందుకు సాగిపోయింది. ఆమె పళ్ళు బిగించి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ దాని వెంటే ఆ గదిలోకి వెళ్ళింది.

డాక్టరు పరుగున వచ్చి తల్లి ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించాడు. నొప్పి ఎక్కడమ్మా, ఎప్పుడు మొదలైందని అడిగాడు.

కూతురి వెనక తలుపు మూసుకునేదాకా ఆగి, తల్లి స్ట్రెచర్ మీద లేచి కూర్చుంటూ అంది: “నా గుండె నిక్షేపంగా ఉంది డాక్టరుగారూ, ముందు మా అమ్మాయి ఎడమ కాలు చూడండి.”