చోటు మారే నొప్పి

"కడుపునొప్పికి పళ్ల ఎక్స్‌రే ఎందుకండీ?" అని అడిగాడు టైలరు.

డాక్టరమ్మ తలెత్తలేదు. "ఎందుకైనా మంచిది" అంటూ చీటీలో ఇంకో పరీక్ష చేర్చింది.

అప్పటికే ఆ కాగితం మీద రక్తం, మూత్రం, గుండె, ఊపిరితిత్తులు బారులు తీరి ఉన్నాయి. మనిషిలో ఇంకేమైనా మిగిలిందా అని టైలరు వెతుక్కున్నాడు. నొప్పి తనదే అయినా, పక్కన కూర్చున్న అతని భార్యకు ఇవేమీ పట్టినట్టు లేదు. ఇంత పొద్దెక్కింది, భోంచేశావా అమ్మా అని డాక్టరమ్మను పరామర్శిస్తోంది. డాక్టరమ్మ తరువాతి వాళ్ల కోసం గంట కొట్టింది.

"ఇక్కడొద్దు, ఇంకోచోట చూపించుకుందాం" అంది భార్య బయటికి రాగానే. టైలరుకు ప్రాణం లేచొచ్చింది. పరీక్షలు తప్పినందుకు సంతోషమే, కానీ నొప్పి అలాగే ఉందిగా అన్నది గుర్తొచ్చి మళ్లీ నీరుగారిపోయాడు.

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ తలనొప్పని కూడా మంచమెక్కి ఎరగదు. అలాంటి మనిషి కడుపు పట్టుకుని కూర్చునేసరికి అతనికి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. దానికి తోడు అతని నోట్లో నువ్వుగింజ నానదు. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకూ భార్య కడుపునొప్పి గురించి చెప్పేశాడు. చెబుతూ చెబుతూ ఒకాయన చొక్కాకు మూడో చెయ్యి కూడా కత్తిరించాడు.

వీధి చివర తలనెరిసిన డాక్టరు ఉన్నాడు, హస్తవాసి మంచిదంటారు, ఆయన దగ్గరికి వెళ్దామన్నాడు టైలరు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆడమనిషైతే చెప్పుకోవడానికి వీలుగా ఉంటుందంది. "మా తమ్ముడికి బోలెడు సంబంధాలున్నాయి. వాడు చెప్పిన చోట్లకే వెళ్దాం" అని తేల్చేసింది. బావమరిది మాట వచ్చాక టైలరు ఎదురుచెప్పడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

రెండో ఆసుపత్రి అద్దాల మేడ. అక్కడి డాక్టరమ్మ నవ్వుతూనే పలకరించింది గానీ, నొప్పి సంగతి సగం వినేలోపే మిషన్లోంచి పరీక్షల పట్టీ బయటికొచ్చింది. మీ అమ్మానాన్నా కులాసాయేనా అని భార్య అడిగితే గడియారం చూసుకుంది. బిల్లు కట్టే చోట అమ్మాయి, ఈ పరీక్షలన్నీ కలిపి తీసుకుంటే కంటి పరీక్ష కూడా వస్తుందని ఊరించింది.

"కడుపుకీ కంటికీ ఏంటమ్మా సంబంధం? మీ బిల్లు చదవడానికా?" అన్నాడు టైలరు. ఆ అమ్మాయి నవ్వలేదు.

అతనికి పరీక్షల కంటే ఇంకో సంగతి గుబులు పుట్టించింది. మొదటి ఆసుపత్రిలో ఎడమవైపన్న నొప్పిని ఆవిడ ఇక్కడ కుడివైపు చూపించింది. నొప్పి పాకుతోందనుకుని ఆ సాయంత్రం వేరే ఊళ్లో బడిపంతులుగా ఉన్న పెళ్లికాని కొడుక్కి ఫోన్ చేశాడు. వాడు నింపాదిగా విని, డాక్టరు మంచివారేనా నాన్నా అని అడిగాడు. తల్లికి ఇలా ఉంటే ఇంత నిబ్బరం ఏమిట్రా అని టైలరు కేకలేస్తే, అమ్మ చూసుకుంటుందిలే అని ఫోన్ పెట్టేశాడు.

మూడోది చిన్న ఆసుపత్రి. డాక్టరమ్మకు పట్టుమని ముప్ఫై ఏళ్లుండవు. టైలరు భార్య చెప్పిందంతా విని, పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యివేసి అంగుళం అంగుళం నొక్కి చూసింది.

"నొప్పి ఎటువైపు?"

"కాసేపు అటు, కాసేపు ఇటు."

డాక్టరమ్మ పొద్దున ఏం తిన్నారని అడిగింది. భార్య చెప్పిన జాబితాకు టైలరే సిగ్గుపడ్డాడు. డాక్టరమ్మ కలానికి మూత పెట్టేసింది.

"మీకేం లేదమ్మా. ఏ పరీక్షా అక్కర్లేదు."

రెండు ఆసుపత్రుల్లో పరీక్షల మీద కయ్యానికి దిగిన టైలరు ఇప్పుడు చేతులు జోడించాడు. "ఎందుకైనా మంచిది, ఒక్క స్కానింగైనా రాయమ్మా. తను లేకపోతే నేను..." అన్నాడు.

డాక్టరమ్మ లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చి, అతని పక్క కుర్చీలో కూర్చుంది. "భయం మీది బాబాయ్‌గారూ. ఆవిణ్ణి మిషన్లో పెడితే మీ భయం ఎలా పోతుంది?" అని, అతను నీళ్లు తాగేదాకా ఆగింది. తర్వాత అతని భార్య వైపు తిరిగి కొంచెం కోపంగానే చెప్పింది. "మీ కడుపు బంగారంలా ఉంది. ఈయన్ని మాత్రం ఇంకెప్పుడూ ఇలా భయపెట్టకండి."

ఆవిడ తలదించుకుంది. కొంగుతో కళ్లొత్తుకుని, "నువ్వు భోంచేశావా అమ్మా?" అని అడిగింది.

"లేదండీ, ఆకలి దంచేస్తోంది. మీరు కదిలితే తింటాను."

ముగ్గురూ నవ్వేశారు.

బయటికొచ్చాక టైలరును పట్టడం ఎవరి తరం కాలేదు. గేటు దగ్గర కాపలావాడికీ, దారినపోయే ముక్కూమొహం తెలియని ఇద్దరికీ తన భార్యకు ఏ జబ్బూ లేదని చెప్పాడు. ఆవిడ పెళ్లైన కొత్తలో నడిచినట్టు చకచకా ముందు నడుస్తోంది.

"ఒక్క పరీక్ష కూడా లేకుండా తేలిపోయింది చూశావా?" అన్నాడు అందుకుంటూ.

"పరీక్ష లేకుండా ఎలా తేలుతుందండీ?" అంది ఆవిడ.

అతనికి అర్థం కాలేదు, పట్టించుకోనూ లేదు. వాడు అక్కడ కంగారుపడుతుంటాడు, ముందు నీ నోటితో చెప్పు అని కొడుక్కి ఫోన్ కలిపి చేతికిచ్చాడు. ఆవిడ ఫోన్ చెవికి ఆనించుకుని, మొగుడి మొహంలోకి చూసి నవ్వింది.

"కోడలు దొరికిందిరా."