అప్పయమ్మ పిల్లల పళ్ళు

ఆ పొద్దున అప్పయమ్మకు చాలా పనులున్నాయి. డ్యూటీ దిగి వచ్చే భర్తకు అన్నం వార్చి ఉంచాలి. చిన్నమ్మి తలకు నూనె రాసి జడ వెయ్యాలి. పెట్టెలోంచి పువ్వుల గౌను తీసి తొడగాలి. బొగ్గు నలుపు పోయేలా పళ్ళపొడితో పళ్ళు తోమించాలి. అన్నిటికన్నా ముందు, రైల్వే ఆసుపత్రిలో ఎవరేం అడిగినా బెదరకుండా జవాబు చెప్పడం నేర్పాలి.

"నాన్న పేరేటే?"

"డ్రైవర్ జగన్నాథం," అంది చిన్నమ్మి, వాచిన బుగ్గ పట్టుకుని.

"గట్టిగా సెప్పాల. గొణిగితే కంపౌండరు ఊరుకోడు."

చిన్నమ్మికి ఏడేళ్ళు. రెండు రోజులుగా గంజి తప్ప ఏమీ మింగలేదు. రాత్రి జ్వరం కూడా తగిలింది. ఇవాళ పన్ను తీయించకపోతే వాపు కంటిదాకా ఎక్కేలా ఉంది.

బిలాస్‌పూర్ ఆసుపత్రి గుమ్మంలో కంపౌండరు నూకరాజు ఒక తల్లినీ కొడుకునూ వెనక్కి పంపుతున్నాడు.

"బొగ్గు కూలీల పిల్లలకి ఇక్కడ వైద్యం లేదమ్మా. రైల్వే ఉద్యోగస్తుల పిల్లలకే. ఊళ్ళో తేలీపారా పేట బజార్లో పళ్ళు పీకేవాడున్నాడు, అక్కడికెళ్ళు."

ఆ కుర్రాడూ చిన్నమ్మీ తెలుగు బడిలో ఒకే బల్ల మీద కూర్చుంటారు. చిన్నమ్మి వాణ్ణి చూసి తల దించుకుంది.

"రేపు ఓపాలి మా క్వార్టర్‌కి రా సెల్లీ," అంది అప్పయమ్మ ఆ తల్లితో, మెల్లగా.

నూకరాజు వీళ్ళవైపు తిరిగాడు. "ఈ గౌను పోయిన నెల మీ పెద్దమ్మాయి వేసుకు రాలేదూ?"

"మరేటి సేస్తాం? పిల్లలున్న ఇల్లు. ఒకరిది ఒకరు తొడుక్కుంటారు."

"నాన్న ఎవరు పాపా?"

చిన్నమ్మి ఒకసారి అప్పయమ్మ మొహంలోకి చూసింది. తరవాత వరండా అంతా వినబడేలా అరిచింది. "డ్రైవర్ జగన్నాథం!"

"అచ్ఛా, అచ్ఛా. లోపలికెళ్ళండి," అని నవ్వాడు నూకరాజు.

డాక్టరు రమణమూర్తి చిన్నమ్మి నోట్లోకి చూసి పెదవి విరిచాడు. "డ్రైవరు ఇంట్లో పళ్ళపొడికి కరువా? బొగ్గుతో తోమినట్టుంది."

"నిన్ననే డబ్బా కొన్నాను బాబూ."

"పెద్దవాడికీ ఇంతే, నడిపిదానికీ ఇంతే. మీ పిల్లలందరికీ పుచ్చు పళ్ళేనా అమ్మా?"

"అప్పుడు సూసుకోలేదు బాబూ. ఇప్పుడు సూసుకుంటన్నాను."

డాక్టరు ఆమెను ఒక్క క్షణం పరకాయించి చూశాడు. ఇంకేమీ అడగకుండా పన్ను తీసేశాడు. చిన్నమ్మి ఏడ్చింది, ఉమ్మింది, ఖాళీ అయిన చోట నాలిక పెట్టి చూసుకుని నవ్వింది.

"ఇంట్లో ఇంకా ఎంతమంది ఉన్నారు?"

"శానామందున్నారు బాబూ."

"ఒక్కొక్కరినే తీసుకురా," అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ. "అందరినీ ఒకేసారి తేకు."

ఇది 1936 నాటి మాట. ఆ రోజుల్లో ఆ తెలుగు బడిలో చదివి, ముసలితనంలోనూ చెరకు నమిలేవాళ్ళెవరైనా మీకు కనిపిస్తే, అప్పయమ్మను ఒకసారి తలచుకోండి.

ఆమెకు పిల్లలు లేరు.