బరువుంటేనే సరుకు

“ఆ రెండోది ఇట్లియ్యప్పా!” అంటూ చిక్కమునియప్ప ఎడమచెయ్యి చాపాడు. కుడిచేతిలో అప్పటికే ఒక డబ్బా ఉంది, కంప్యూటర్‌కు కరెంటిచ్చే పవర్ సప్లయి. కళ్ళు మూసుకుని రెండు డబ్బాలనూ కిందికీ పైకీ ఆడించాడు.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో కంప్యూటర్ సామాన్ల అంగడి ఓబులేష్‌ది. “అన్నా, అవి పనసకాయలు కాదు,” అన్నాడు.

“నాయనా, పరువు తియ్యొద్దు,” అని గొణిగింది కూతురు అర్పిత. ట్యూషన్లు చెప్పుకుంటూ ఒక్కో భాగమే కొని, కంప్యూటర్‌ను ఇక్కడిదాకా తెచ్చింది ఆ పిల్ల. మిగిలింది ఈ డబ్బా ఒక్కటే. సోమవారానికి కంప్యూటర్ సిద్ధంగా లేకపోతే, ఇంటి నుంచే చేసుకునే డిజైన్ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

“చిన్నది తీసుకుందాం నాయనా. సర్టిఫికెట్ ఉండాది, ఐదేండ్ల గ్యారంటీ ఉండాది. కరెంటు ఎక్కువ తక్కువైతే అదే ఆగిపోతాది.”

“సర్టిఫికెట్ ఎవడైనా అచ్చేస్తాడు. బరువు ఎవడిస్తాడు? లోపల రాగి ఉంటేనే బరువొస్తాది!”

కార్ఖానాల పేట పీణ్యలో ముప్పై ఏళ్ళుగా లేత్ మెషిన్ మీద ఇనుము కోస్తున్న మనిషి. చేత్తో తూచందే గుమ్మడికాయను కూడా నమ్మడు.

“పెద్దది పేరులేని కంపెనీదన్నా. నేనైతే చిన్నదే తీసుకోమంటా,” అన్నాడు ఓబులేష్.

“నీకు లాభమొచ్చేదే చెప్తావులే. ఈ ఒక్కటీ నేను కొనిస్తుండా. కొత్త ఆర్డరొచ్చినంక మీ నాయన చేతిలో కూడా కాస్త డబ్బు ఆడుతుండాది పాపా. పెద్దదే బిగించప్పా!”

ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళని అర్పితకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

ఓబులేష్ డబ్బా బిగించి స్విచ్ నొక్కాడు. ఫ్యాన్ రెండు చుట్లు తిరిగి, టప్‌మని ఆగిపోయింది. సన్నగా పొగ లేచింది.

“అయిపాయ, నా ఉద్యోగం!” అర్పిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఓబులేష్ ఆ డబ్బా పీకేసి చిన్నది బిగించాడు. కంప్యూటర్ చక్కగా వెలిగింది. బోర్డు బతికింది. అర్పిత గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

చిక్కమునియప్పకు మాత్రం కోపం నషాళానికెక్కింది. “విప్పప్పా దాన్ని! ముప్పై ఏండ్ల చేతిని మోసం చేసినోడెవడో నేను చూడాల.”

ఓబులేష్ స్క్రూలు తీశాడు. లోపల వెంట్రుకల్లాంటి నాలుగు తీగలున్నాయి. అడుగున, నున్నగా కోసిన గుండ్రటి ఇనుప దిమ్మ ఒకటి ఉంది.

“బరువు కోసం పెట్టిందన్నా. మీలాంటి వాళ్ళు తూచి చూస్తారని వాళ్ళకు తెలుసు,” అని నవ్వాడు ఓబులేష్.

“ఈ దిమ్మ కోసినోడి చేతులు విరిగిపోను!” అంది అర్పిత.

దిమ్మను అటూ ఇటూ తిప్పి చూసిన చిక్కమునియప్ప దాన్ని బల్ల మీద పెట్టేసి, రెండు చేతులూ జేబుల్లో దాచుకున్నాడు.

ఆయనకొచ్చిన కొత్త ఆర్డర్ ఆ దిమ్మలదే.